అద్దె గది నుంచి రాజగృహ దాకా

పాత ఇంటిని పడగొట్టించి కొత్తది కట్టుకుంటూ, గృహప్రవేశం దాకా తలదాచుకోవడానికి గత వేసవిలో ఒక పోర్షన్ కోసం వెతికాను. పది నెలల అవసరం. విశ్వవిద్యాలయంలో ఆచార్యుడినని చెప్పగానే కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. అడ్వాన్సు మాట రాకముందే ఇంటిపేరు అడిగారు. తరువాత సొంత ఊరు, ఆ తరువాత ఊళ్లో మా ఇల్లు ఏ వైపున అని. మరునాడు ఫోన్ చేస్తే బంధువులెవరో దిగుతున్నారని జవాబు. మూడు ఇళ్ల దగ్గర ఇదే జరిగింది. నెల గడిచినా ఆ గేట్లకు టులెట్ బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు పదేపదే గుర్తొచ్చింది 1917 నాటి బరోడా. అంబేడ్కర్ జీవితాన్ని ఆయన తలదాచుకున్న చోట్ల వరుసలో చదువుకోవలసిన అవసరం అప్పుడే తెలిసింది.

1891లో మహూ సైనిక స్థావరంలో పుట్టిన భీమ్‌రావ్, సతారాలో తల్లిని పోగొట్టుకుని, కుటుంబంతో బొంబాయి చేరాడు. పరేల్‌లో మిల్లు కార్మికులు ఉండే చాల్‌లో ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. అందరూ ఒకేసారి నడుం వాల్చడానికి చోటు చాలదు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి తండ్రి రాంజీ మేలుకుని ఉండేవాడు. రాత్రి రెండు గంటలకు లేపి చదువుకు కూర్చోబెట్టి, అప్పుడు తాను నిద్రపోయేవాడు. 1907లో ఆ బాలుడు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది ఆ గదిలోనే.

బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో, ఆపైన లండన్‌లో చదివి, ఒప్పందం ప్రకారం ఆ సంస్థానంలో కొలువు చేయడానికి 1917లో ఆయన బరోడాలో దిగారు. చేతిలో ఉద్యోగం ఉంది, ఉండటానికి చోటు లేదు. హిందూ హోటళ్లు చేర్చుకోవని తెలుసు. చివరకు ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరుతో చిట్టాలో నమోదై, రోజుకు రూపాయిన్నర అద్దెకు ఆశ్రయం పొందారు. మేడ మీద విరిగిన కుర్చీలు, పాత బల్లలు నింపిన హాలు, పక్కన చిన్న గది. రాత్రికి ఒక లాంతరు. సర్కారు బంగళా కేటాయిస్తే వెళ్లిపోవచ్చునని దరఖాస్తు పెట్టుకున్నారు. అది ఒక అధికారి బల్ల నుంచి మరొక అధికారి బల్లకు తిరుగుతూనే ఉండిపోయింది.

పదకొండో రోజు ఉదయం పది పన్నెండు మంది పార్సీలు కర్రలతో మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయాలన్నారు. నగరంలో ఆయనకు ఇద్దరు మిత్రులు ఉన్నారు. ఒకరు హిందువు. ఈయన వస్తే నౌకర్లు వెళ్లిపోతారని చెప్పారు. మరొకరు క్రైస్తవుడు. భార్యను అడిగి చెప్పాలన్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినా ఆ దంపతుల ఇంట పాత ఆచారాలు చెక్కుచెదరలేదని అంబేడ్కర్‌కు తెలుసు. రాత్రి బొంబాయి రైలు వచ్చేదాకా ఆయన కామాఠీ బాగ్ ఉద్యానంలో కూర్చున్నారు. మూడు మతాల గడపల దగ్గరా ఒకే కులం ఆయన్ను ఆపింది.

బొంబాయిలో ఆయన్ను నిలిపింది మళ్లీ చాలే. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పరేల్‌లో కట్టిన భవనంలో రెండు చిన్న గదులు. సిడెన్హామ్ కళాశాల ఆచార్యుడైనా, 1923లో బారిస్టరై లండన్ నుంచి తిరిగివచ్చినా, 1927లో మహాడ్ చెరువు పోరాటం నడిపినా నివాసం అదే. ఐదుగురు పిల్లల్లో నలుగురిని ఆయన, రమాబాయి పసితనంలోనే పోగొట్టుకున్నారు. తనకు సొంత ఇల్లు లేని ఆ కాలంలోనే, 1924లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ మరుసటి ఏడాది షోలాపూర్‌లో అణగారిన కులాల విద్యార్థులకు వసతి గృహం తెరిచింది. తన గోడలకంటే ముందు ఇతరుల బిడ్డలకు కప్పు చూసిన మనిషి ఆయన.

సొంత ఇల్లు 1930ల తొలి సంవత్సరాల్లో దాదర్‌లో లేచింది. రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒడంబడిక జరిగిన రోజులవి. ఆ పేట పేరు హిందూ కాలనీ. అక్కడ కట్టిన ఇంటికి ఆయన పెట్టిన పేరు రాజగృహ. బింబిసారుడు వేణువనాన్ని బుద్ధుడికి, భిక్షు సంఘానికి నివాసంగా సమర్పించాడని బౌద్ధ సంప్రదాయం చెప్పే మగధ రాజధాని అది. ఇంటి పైభాగం గ్రంథాలయం కోసం. యుద్ధకాలంలో నౌక మునిగి ఒకసారి పుస్తకాలు కోల్పోయిన మనిషి, ఎవరూ ఖాళీ చేయమనలేని చోటును ముందు పుస్తకాలకు ఏర్పరిచాడు. రమాబాయి ఆ ఇంట ఎక్కువ కాలం ఉండలేదు. 1935 మే 27న అక్కడే కన్నుమూశారు. ఆ ఏడాది అక్టోబరులోనే, హిందువుగా మరణించనని ఆయన యేవలాలో ప్రకటించారు. 1956 డిసెంబరు 6న ఢిల్లీ అలీపూర్ రోడ్డులోని అద్దె ఇంట్లో ఆయన తుదిశ్వాస విడిచాక, భౌతికకాయం చేరింది రాజగృహకే.

ఆయన సారథ్యంలో రూపొందిన రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కుల వివక్షను నిషేధించింది. అద్దె ఇంటిని నేరుగా పేర్కొనలేదు. ఆ వెలితి చిన్నదేమీ కాదు. ఒక గృహ సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సంఘం అహ్మదాబాద్‌లోని పార్సీలది. బరోడా అక్కడికి రెండు గంటల ప్రయాణం.

అయితే 1948 నవంబరులో రాజ్యాంగ సభలో దుకాణమనే మాటకు అంబేడ్కర్ ఇచ్చిన వివరణ ఒకటుంది. సేవ కోరి వచ్చిన వారెవరికైనా దాన్ని అందించడానికి యజమాని సిద్ధపడిన చోటు ఏదైనా దుకాణమేనని ఆయన భావం. గేటుకు టులెట్ బోర్డు కట్టడం అలా సిద్ధపడటం కాక మరేమిటి? మన రెండు తెలుగు రాష్ట్రాల అద్దె చట్టాల్లో ఈ అర్థాన్ని స్పష్టంగా రాయమని అడగవలసిన సమయమిది. ప్రతి జూన్‌లో పల్లెల నుంచి వచ్చే నా విద్యార్థులు గదుల కోసం వీధులు తిరుగుతారు. వాళ్లలో కొందరు ఇంటిపేరు మార్చి చెప్పడం నేర్చుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ సత్రం చిట్టా ఇంకా మూతపడలేదు.