హెన్రీ లాసన్ — బులెటిన్ వారపత్రిక

ఆస్ట్రేలియా దేశపు కథానిక పుస్తకములలో కంటె ముందుగా వారపత్రికల పుటలలో రూపుగొన్నది. ఆ రూపమునకు గల బలమును, పరిమితిని హెన్రీ లాసన్ జీవితమంత స్పష్టముగా చూపునది మఱియొకటి కానరాదు.

లాసన్ 1867 జూన్ 17వ తేదీన న్యూ సౌత్ వేల్స్ వలసరాజ్యమందలి గ్రెన్‌ఫెల్ బంగారు గనులచెంత జన్మించెను. తండ్రి నీల్స్ లార్సెన్ నార్వే దేశపు నావికుడు. బంగారమునకై ఓడను విడిచినవాడు. తొమ్మిదవయేట మొదలైన చెవుడు పదునాలుగవ యేటికి ముదిరి లాసన్‌ను తుదివఱకు వీడలేదు. బడిచదువు కొలదియే. తల్లి లూయిసా 1883లో భర్తను వీడి సిడ్నీ చేరి, 1887లో రిపబ్లికన్ అను పత్రికను కొని, 1888లో స్త్రీలకొఱకు డాన్ అను పత్రికను స్థాపించెను. బండ్లకు రంగులు వేయుచు బ్రతుకుచుండిన కుమారునకు అచ్చుయంత్రము ఇంటి వస్తువే యయ్యెను.

ఆర్చిబాల్డ్, హేన్స్ అను వారు 1880 జనవరి 31న సిడ్నీలో బులెటిన్ వారపత్రికను ప్రారంభించిరి. పాఠకులే రచయితలగుట దాని విశేషము. గొఱ్ఱెల ఉన్ని కత్తిరించువారు, పశువుల తోలువారు, గనిపనివారు పద్యములు, చిన్నకథలు వ్రాసి పంపెడివారు. ఆర్చిబాల్డ్ విస్తరమును సహింపడు. మిగిలినదే రచన యగునట్లు కుదింపుమనుట అతని పద్ధతి. లాసన్ తొలిగేయము 1887 అక్టోబరు 1న, తొలికథ 1888 డిసెంబరున అందులోనే వెలువడెను.

1892వ సంవత్సరము ముఖ్యమైనది. జులై 9న లాసన్ లోనాటి బీడుభూముల సౌందర్యవర్ణనమును ఎగతాళిచేయుచు గేయము ప్రకటింపగా, ప్యాటర్సన్ అదే పత్రికలో గేయముతోనే బదులిచ్చెను. ఈ వాదము వారములు సాగినది. దాని నడుమ, జులై 23న, ది డ్రోవర్స్ వైఫ్ అను కథ వచ్చినది. మందవెంట పోయిన భర్త నెలల తరబడి రాడు. ఇంటి నేలక్రింద దూరిన పామునకై ఒక స్త్రీ నలుగురు బిడ్డలను, కుక్కను ప్రక్కనుంచుకొని తెల్లవారుదాక మేల్కొనియుండును. సంఘటన ఇంతియే. వఱద, కార్చిచ్చు, బిడ్డ మరణము ఆ రాత్రి ఆమె జ్ఞప్తికి వచ్చిన తీరుననే వచ్చిపోవును. పత్రికలో చోటులేమి ఇచ్చట శిల్పమైనది. కాని కట్టెలపోగును లోపల డొల్లగా పేర్చి ఆమెను మోసగించినవాడు ఆదివాసి యగుట గమనింపదగును. 1908లో ఆస్ట్రేలియా తెల్లవారిదే యను నినాదమును శిరమున ధరించిన పత్రిక యది. లాసన్ దృష్టియు ఆ సంకుచితత్వమునకు అతీతము గాదు.

ఆ సెప్టెంబరులోనే ఆర్చిబాల్డ్ అతనికి 5 పౌనులును, బర్క్ పట్టణమునకు రైలుటికెట్టును ఇచ్చి పంపెను. అచ్చట రంగులు వేసి, టూరేల్ ఉన్నిశాలలో కూలిచేసి, మండువేసవిలో 200 కిలోమీటర్లకు పైబడిన హంగర్‌ఫర్డ్ వఱకు కాలినడకను పోయి మరలివచ్చెను. పిదప చిరకాలము ఆ కొలది నెలల అనుభవమే అతని కథలకు మూలధనము. చెవిటివాని కథలలో సంభాషణము అంత సజీవముగా నుండుట విచిత్రమే!

1896లో గేయసంపుటమును, వైల్ ది బిల్లీ బాయిల్స్ కథాసంపుటమును వెలువడినవి. ఆ కథలలో పెక్కులు పత్రికలలో వచ్చినవే. ఆ యేటనే బెర్తా బ్రెట్‌ను వివాహమాడెను. కీర్తి వచ్చినను కడుపు నిండలేదు. 1899లో అతడు తన పండ్రెండేండ్ల రచనకు ముట్టిన ప్రతిఫలమును లెక్కగట్టి, బులెటిన్‌లోనే ప్రకటించెను. పత్రిక తన్ను పెంచినదేగాని పోషింపలేదని దాని సారాంశము.

1900లో కుటుంబముతో లండను పోయెను. 1901లో బ్లాక్‌వుడ్ సంస్థ ప్రచురించిన జో విల్సన్ కథలలో ఒకే దాంపత్యము కథనుండి కథకు సాగును. వారపత్రికకు ఒదుగని నిడివి గల ఈ కథలే అతని పరిణతరచనలనుట సమంజసము. ఆర్చిబాల్డ్ కత్తెర లేనిచోట ఇతడు చెదరిపోవుననుకొన్నవారికి ఇవియే సమాధానము.

1902లో తిరిగివచ్చిన పిదప అంతయు పతనమే. 1903లో దంపతులు న్యాయస్థానముద్వారా వేఱుపడిరి. మద్యపానమునకును, భరణము చెల్లింపకుండుటకును 1905–1909 నడుమ పలుమార్లు డార్లింగ్‌హర్స్ట్ చెఱసాల పాలయ్యెను. 1922 సెప్టెంబరు 2న సిడ్నీలోని ఆబట్స్‌ఫర్డ్‌లో మరణించెను. రెండు దినములకు ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. 1966లో వెలువడిన ఆస్ట్రేలియా తొలి పది డాలర్ల నోటుపై ముద్రింపబడినది ఇతని ముఖమే.