దిగడానికి కాస్త నేల

లండన్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ ఎమీ జాన్సన్ అని చదువుకున్నాం. ఎగరడం సరే, పొద్దుగూకేసరికి ఎక్కడ దిగేది? అది తెలిస్తేగానీ ఆవిడ ధైర్యం ఏపాటిదో అర్థం కాదు.

1903లో ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్నంలో, చేపల వ్యాపారి ఇంట పుట్టింది ఎమీ. డిగ్రీ చదివి లండన్‌లో ఓ లాయర్ల ఆఫీసులో టైపిస్టుగా చేరింది. నగరానికి ఉత్తరాన స్టాగ్ లేన్ అనే చిన్న విమాన మైదానం ఉండేది. గడ్డి నేల, షెడ్లు, ఓ ఫ్లయింగ్ క్లబ్బు, అంతే. 1928 నుంచి జీతంలో మిగిలిందంతా అక్కడే పోసింది. చురుగ్గా నేర్చుకుందా అంటే అదీ లేదు. మిగతావాళ్లు పది గంటల శిక్షణతో ఒంటరిగా ఎగురుతుంటే ఆమెకి దాదాపు పదహారు గంటలు పట్టింది. అయినా వదల్లేదు. మెకానిక్కుల మధ్య చేరి ఇంజను విప్పడం, బిగించడం కూడా నేర్చుకుంది. ఆడపిల్లకి ఈ గ్రీజు పనేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు! 1929లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందిన తొలి బ్రిటిష్ మహిళ ఆమే.

1930 మే 5న క్రోయిడన్ నుంచి బయల్దేరింది. సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ విమానం. పైకప్పు లేదు, రేడియో లేదు. దాని పేరు జేసన్, నాన్నగారి చేపల వ్యాపారపు మార్కు అది. అంతకుముందు ఆమె చేసిన పెద్ద ప్రయాణం లండన్ నుంచి హల్ దాకానే.

బాగ్దాద్ దారిలో ఇసుక తుఫాను. ఎడారిలోనే దిగి, విమానం కొట్టుకుపోకుండా చక్రాలకి సామాను అడ్డం పెట్టింది. మన దేశంలో అలహాబాద్ చేరకముందే పెట్రోలు అడుగంటింది. ఝాన్సీలో సైనికుల కవాతు మైదానం కనిపిస్తే అక్కడే దించేసింది. రెక్క స్తంభానికి తగిలింది.

రంగూన్‌లో రేసుకోర్సులో దిగాలి. వానలో అది కనిపించలేదు. ఇన్సీన్ అనేచోట ఆటస్థలంలో దిగితే జేసన్ వెళ్లి కాలవలో పడింది. ప్రొపెల్లర్ విరిగింది, రెక్క చిరిగింది. అదృష్టం కొద్దీ విమానానికి కట్టుకుని తెచ్చిన ప్రొపెల్లర్ ఇంకొకటి ఉంది. అక్కడి సాంకేతిక విద్యాలయం వాళ్లు పూనుకుని బాగుచేశారు. పాత విమానాల గుడ్డతో కుట్టిన చొక్కాలు ఊళ్లో ఉంటే వాటినే విప్పి రెక్కలకి అతికించారట! ఆ ఆలస్యంతోనే అంతకుముందున్న పదిహేనున్నర రోజుల రికార్డు చేజారింది.

జావాలో చెరకు తోటల దగ్గర దిగితే వెదురు గుంజలు రెక్కల్ని చీల్చాయి. గాయాలకి వేసే ప్లాస్టరు ముక్కలతో సరిపెట్టుకుంది. మే 24న డార్విన్ చేరింది. పందొమ్మిదిన్నర రోజులు.

చిత్రమేమిటంటే, ఇన్ని గండాలు దాటి బ్రిస్బేన్‌లో జనం ఎదురుచూస్తున్న సిసలైన విమాన మైదానంలో దిగుతూ హద్దు దాటిపోయి జేసన్‌ని బోర్లా పడేసింది. ఆమెకి మాత్రం ఏమీ కాలేదు.

తర్వాత మరికొన్ని రికార్డులు, 1932లో పైలట్ జిమ్ మోలిసన్‌తో పెళ్లి, 1938లో విడాకులు. యుద్ధం వచ్చాక సైన్యం విమానాల్ని ఒక మైదానం నుంచి మరో మైదానానికి చేర్చే పనిలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కి ఎగిరింది. దట్టమైన మబ్బు, రేడియో లేదు. మూడు గంటలు దాటాక, చేరాల్సినచోటికి నూరు మైళ్ల అవతల, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట పారాచూట్‌తో దిగింది. కాపాడాలని మంచునీళ్లలోకి దూకిన ఓడ కెప్టెన్ ఫ్లెచర్ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి ఎమీకి 37 ఏళ్లు. శరీరం దొరకలేదు.

జేసన్ మాత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.