మహావృక్షాల మిత్రుడు

అమెరికాలోని సియెరా నెవాడా పర్వతసానువుల్లో సెకోయా వృక్షాలు వేల ఏళ్లు జీవిస్తాయి. వాటి రక్షణకు జీవితాన్ని ధారపోసిన ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్.

ఆయన 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్‌బార్‌లో జన్మించాడు. 1849లో తండ్రితో అమెరికాకు వలస వెళ్లి, విస్కాన్సిన్‌లో పొలం పనులు చేస్తూ పెరిగాడు. 1867లో ఒక కర్మాగారంలో కంటికి గాయమై కొంతకాలం చూపు కోల్పోయాడు. చూపు తిరిగి వచ్చాక యంత్రాలను విడిచి ప్రకృతి అధ్యయనానికి అంకితమయ్యాడు. దాదాపు వెయ్యి మైళ్లు నడిచి ఫ్లోరిడా తీరం చేరాడు. 1868లో కాలిఫోర్నియాలోని యోసెమిటి లోయను దర్శించాడు.

1869లో అక్కడి కొండలపైకి గొర్రెల మంద వెంట వెళ్లిన మ్యూర్, ఆ మందల వల్లనే పచ్చికబయళ్లు నాశనమవుతున్నాయని గ్రహించాడు. ఆయన వ్యాసాలు ప్రజలను మేల్కొల్పాయి. 1890లో యోసెమిటి జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 1892లో సియెరా క్లబ్ అనే సంస్థ స్థాపనకు ఆయన సారథ్యం వహించాడు.

1903 మే నెలలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయనతో మూడు రాత్రులు ఆరుబయట గడిపాడు. మొదటి రాత్రి వారికి మారిపోసా తోపులోని సెకోయాలే నీడనిచ్చాయి. అంతవరకు రాష్ట్రం అధీనంలో ఉన్న ఆ తోపు, యోసెమిటి లోయ 1906లో జాతీయ ఉద్యానవనంలో చేరాయి.

అయితే ఉద్యానవనంలోనే ఉన్న హెచ్ హెచీ లోయను ఆయన కాపాడలేకపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నగర నీటి అవసరాలకై అక్కడ ఆనకట్ట నిర్మించడానికి 1913లో చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరం డిసెంబరు 24న మ్యూర్ కన్నుమూశాడు. లోయ నీట మునిగినా ఆయన పోరాటం వృథా కాలేదు. జాతీయ ఉద్యానవనాల పరిరక్షణకు 1916లో ప్రత్యేక ప్రభుత్వ విభాగం ఏర్పడింది. నేడు ఆ మహావృక్షాల నీడలో నిలిచే ప్రతి యాత్రికుడూ ఆయనకు ఋణపడి ఉన్నాడు.