పంపినవారే బయలుదేరారు: బిషప్ అజరయ్య గారి జీవితం

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. బడి రోజుల అల్లరి గురించి మిగతా మిత్రులు ఎలాగూ రాస్తారు. నాకు మాత్రం హాస్టల్లో ఆదివారం సాయంత్రాలు మా తెలుగు మాస్టారు చెప్పిన ఒక జీవిత కథ గుర్తొచ్చింది. అది దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి కథ. అప్పుడు ఊరికే విన్నాను. అరవై దాటాక అదే కథ నన్ను నిలదీస్తోంది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ ఊరి చర్చి గురువు. అజరయ్య గారి చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు. తల్లి ఎలెన్ గారు భక్తిలో, కట్టుబాటులో పెంచారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, పరీక్షల వేళ జబ్బు చేయడంతో బి.ఎ. పట్టా అందలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. మంచి వక్త అని పేరు వచ్చింది.

1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్త సేవకులను బయటి ప్రాంతాలకు పంపడం చూశారు. తరతరాలుగా విశ్వాసంలో ఉన్న తమ తిరునెల్వేలి సంఘాలు ఆ పని చేయడం లేదన్న బాధ ఆయన్ను వదల్లేదు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. 1905 డిసెంబరులో సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. రెండింటి స్థాపనలోనూ ఆయన ముందున్నారు.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న సేవా స్థలం నిజాం రాజ్యంలోని దోర్నకల్. భాష వేరు, ఊరు వేరు, జనం వేరు. ఇతరులను అక్కడికి వెళ్ళమని పిలుస్తున్న అజరయ్య గారికి, తాను ఎందుకు వెళ్ళడం లేదన్న ప్రశ్న లోపల మొదలైంది. అది దేవుని నడిపింపని గ్రహించాక ఇక వెనక్కి తగ్గలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు గారితో, పిల్లలతో దోర్నకల్ చేరారు. దేశమంతా పేరున్న మనిషి ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు.

తగ్గింపు అంటే నోరు మూసుకుని ఉండడం అనుకునేవారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభను గుర్తు చేసుకోవాలి. అక్కడ ఆయన తెల్ల మిషనరీలను ముఖాముఖిగా అడిగారు. మీ త్యాగాలకు మేము కృతజ్ఞులమే, కానీ మాకు కావలసింది మీ స్నేహం కూడా అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి కోపం వచ్చింది. తన గొప్ప కోసం అయితే ఆయన ఆ మాట అనేవారు కాదు. తనవాళ్ళ కోసం అన్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మిషనరీల్లోనూ, మనవాళ్ళలోనూ కొందరు ఇది వద్దన్నారు. ఆయన ఎవరితోనూ వాదానికి దిగలేదు. ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగారు. అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన మాల మాదిగ పల్లెల్లో కూర్చుని చదువు చెప్పించారు, తాగుడు మాన్పించారు, వాళ్ళలో వాళ్ళకున్న ఎడం పోవాలని పాటుపడ్డారు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని ఒప్పుకోమనేవారు. 1941 నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

బి.ఎ. పూర్తికాని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన మాత్రం దోర్నకల్ వదల్లేదు. మన దేశపు కట్టడాల తీరులో కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ ఎన్నో ఏళ్ళకు పూర్తయి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత ప్రయత్నానికి చివరిదాకా శ్రమించారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువులో నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు.

ఇప్పుడు నా సంగతి. నేను పంతులుగా పనిచేస్తున్న రోజుల్లో ఏజెన్సీలోని ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. రెండు రాత్రులు ప్రార్థన చేశాను. వెళ్ళమన్న ప్రేరేపణ స్పష్టంగానే కలిగింది. మూడో రోజు తెలిసినవాళ్ళ సిఫార్సుతో ఆ ఆర్డరు రద్దు చేయించుకున్నాను. పిల్లల చదువులని ఇంట్లో చెప్పాను. నిజానికి పట్నంలోని ఇల్లు, నలుగురిలో ఉన్న గౌరవం వదలడానికి మనసు రాలేదు. ఆ బడిలో నా కోసం ఎదురుచూసిన పిల్లలెందరో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుని చిత్తం తెలియక తప్పిపోయేవాళ్ళకన్నా, తెలిసీ తప్పించుకునేవాళ్ళమే ఎక్కువ అని నా అనుభవం.

మన బడి నుంచి బయటికి వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఎప్పుడైనా ఆ దారిన రైల్లో వెళుతుంటే దోర్నకల్ జంక్షన్‌లో దిగండి. ఆ కథీడ్రల్‌లో కాసేపు కూర్చోండి. మీకు వచ్చిన పిలుపు ఎంత చిన్న ఊరికైనా సరే, నాలాగా సిఫార్సు వెతుక్కోకండి.