51వ నంబరు ఫొటో

1956 ఎండాకాలం. లండన్ నుంచి అమెరికా వెళ్లిన ఓ ముప్పై ఆరేళ్ల శాస్త్రవేత్త స్కర్టు వేసుకోబోతే నడుము దగ్గర పట్టలేదు. ఒళ్లు చేసిందేమో అనుకోవడానికి లేదు. సన్నటి మనిషి, సెలవొస్తే కొండలెక్కే మనిషి. లండన్ తిరిగొచ్చి చూపించుకుంటే సెప్టెంబరులో ఆపరేషన్ చేసి పొట్టలోంచి రెండు కణితులు తీశారు. అండాశయ క్యాన్సర్.

ఆమె పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్. మన పిల్లల సైన్సు పుస్తకాల్లో మెలి తిరిగిన నిచ్చెనలా డీఎన్‌ఏ బొమ్మ ఉంటుంది చూడండి, ఆ బొమ్మ వెనుక ఆమె కష్టం ఉంది. బొమ్మ కింద మాత్రం చాలాకాలం వాట్సన్, క్రిక్ అన్న రెండు పేర్లే ఉండేవి.

చదువుకుంది, పట్టా రాలేదు

రోజలిండ్ 1920 జూలై 25న లండన్‌లో ఓ కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి బ్యాంకు వ్యాపారి. ఐదుగురు పిల్లల్లో ఈమె రెండోది. ఆడపిల్లలకు ఫిజిక్సు, కెమిస్ట్రీ నేర్పే బడులు అరుదైన ఆ రోజుల్లో సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో చదివే అవకాశం దొరికింది. 1938లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో చేరింది. 1941లో చదువు పూర్తయింది కానీ మగపిల్లలతో సమానంగా పట్టా చేతికి రాలేదు. ఆడవాళ్లకు పూర్తిస్థాయి డిగ్రీలు ఇవ్వడం కేంబ్రిడ్జి 1948లో గానీ మొదలుపెట్టలేదు మరి!

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బొగ్గు పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. బొగ్గులో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు ఎలా ఉంటాయి, వాటిలోంచి ఏది దూరుతుంది, ఏది దూరదు అన్నది ఆమె పని. విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో వాడేది బొగ్గే కాబట్టి అది ఉత్త పుస్తకాల చదువు కాదు. ఆ పనికే 1945లో డాక్టరేటు వచ్చింది.

1947లో పారిస్ వెళ్లింది. ఆమె జీవితంలో హాయిగా గడిచిన రోజులంటే అవే. అక్కడే ఎక్స్‌రేలతో పదార్థం లోపలి అమరిక చూడటం నేర్చుకుంది.

ఇదేమంత అర్థంకాని సంగతి కాదు. కిటికీకి ఉన్న జాలీలోంచి ఎండ పడితే నేలమీద ఒక డిజైను కనిపిస్తుంది కదా. జాలీని చూడకపోయినా నేలమీది డిజైనును బట్టి దాని అల్లిక ఊహించవచ్చు. పటికబెల్లం పలుకులోనూ, ఉప్పు రాయిలోనూ అణువులు జాలీలాగే వరసగా పేర్చి ఉంటాయి. వాటిలోంచి ఎక్స్‌రేలు పంపితే ఫొటో ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల దూరాలు కొలిచి, నెలల తరబడి లెక్కలు కట్టి లోపలి అమరిక చెప్పాలి. ఆ లెక్కల్లో రోజలిండ్ దిట్ట.

తీగపాకం లాంటి డీఎన్‌ఏ

1951 జనవరిలో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చింది. చిక్కు మొదటిరోజే పడింది. డీఎన్‌ఏ మీద ఎక్స్‌రే పని నీదేనని ల్యాబు పెద్ద రాండల్ ఆమెకు ఉత్తరం రాశాడు. అప్పటికే ఆ పని చేస్తున్న మారిస్ విల్కిన్స్‌కు ఆ సంగతి సరిగ్గా తెలియదు. సెలవు నుంచి తిరిగొచ్చేసరికి తన పనిలో ఆమె కూర్చుని ఉంది. పెద్దాయన చేసిన పొరపాటుకు వీళ్లిద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. దానికి తోడు ఆ కాలేజీలో మగవాళ్లకే ప్రవేశమున్న భోజనాల గది ఒకటి. సైన్సు కబుర్లు అన్నం దగ్గరే కదా సాగేది! పైగా రోజలిండ్‌ది కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే స్వభావం. మగవాడైతే సూటి మనిషి అంటారు. ఆమెను గయ్యాళి కింద జమకట్టారు.

పని మాత్రం ఆగలేదు. జిగురులా ఉండే డీఎన్‌ఏను తీగపాకంలా సాగదీసి, వెంట్రుక కన్నా సన్నటి పోగు చేసి కెమెరా ముందు అమర్చేవారు. తేమ తక్కువుంటే ఆ పోగు ఒకలా, తేమ ఎక్కువైతే సాగి మరోలా ఉంటుందని కనిపెట్టింది. ఎ రూపం, బి రూపం అని వాటికి పేర్లు. అప్పటిదాకా ఫొటోలు మసగ్గా రావడానికి కారణం ఆ రెండూ కలిసిపోవడమే. 1952 మేలో ఆమె పర్యవేక్షణలో విద్యార్థి గోస్లింగ్ అరవై గంటలకు పైగా ఎక్స్‌రేలు పంపి బి రూపాన్ని ఫొటో తీశాడు. అదే 51వ నంబరు ఫొటో. నడుమ నల్లటి చుక్కలు ఇంటూ గుర్తులా పడ్డాయి. మెలి తిరిగిన ఆకారం అనడానికి ఆ గుర్తే సాక్ష్యం.

1953 జనవరి నెలాఖరున విల్కిన్స్ ఆ ఫొటోను కేంబ్రిడ్జి నుంచి వచ్చిన వాట్సన్‌కు చూపించాడు. రోజలిండ్‌ను అడగలేదు. ఆమె కొలతలున్న నివేదిక కూడా మరో దారిన వాట్సన్, క్రిక్‌లకు చేరింది. వాళ్లు మాత్రం ఊరికే కూర్చున్నారని కాదు. రెండు పోగులు ఒకదానికొకటి ఎలా జతపడతాయో తేల్చింది వాళ్లే. ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో మూడు వ్యాసాలు వరసగా వచ్చాయి. వాళ్లది ముందు, రోజలిండ్‌ది చివర. ఆమె రుజువు వాళ్ల ఊహకు ఊతంలా కనిపించింది.

అప్పటికే ఆమె కింగ్స్ వదిలి బర్క్‌బెక్ కాలేజీకి వెళ్లిపోయింది. డీఎన్‌ఏ జోలికి ఇక వెళ్లవద్దని పాత కాలేజీ పెద్దలు చెప్పారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే వైరస్ నిర్మాణం మీద పడింది. ఆ తరువాతి ఐదేళ్ల పని చాలు, ఆమెను గొప్ప శాస్త్రవేత్త అనడానికి.

జబ్బు పడ్డాక

ఆపరేషన్ అయ్యాక కూడా ల్యాబుకు వస్తూనే ఉంది. కొన్నాళ్లు కోలుకోవడానికి ఎవరింట్లో ఉందో తెలుసా? క్రిక్ దంపతుల ఇంట్లో. మనసులో విషం పెట్టుకునే మనిషి కాదు. 1957లో కూడా వ్యాసాలు అచ్చువేసింది, పోలియో వైరస్ పని మొదలుపెట్టింది. 1958 ఏప్రిల్ 16న కన్నుమూసింది. ముప్పై ఏడేళ్లు. ఆ మర్నాడే బ్రస్సెల్స్‌లో మొదలైన ప్రపంచ ప్రదర్శనలో ఆమె తయారుచేయించిన వైరస్ నమూనా నిలబడి ఉంది. వీలునామాలో తోటి పరిశోధకుడు ఆరన్ క్లగ్‌కు మూడు వేల పౌండ్లు, తన కారు రాసింది.

1962లో నోబెల్ బహుమతి వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది. 1982లో క్లగ్‌కూ వచ్చింది. 1968లో వాట్సన్ రాసిన పుస్తకంలో ఆమెను చులకన చేస్తే, స్నేహితురాలు ఆన్ సేయర్ ఊరుకోలేక 1975లో అసలు రోజలిండ్ ఎవరో రాసింది. పాత కాగితాలు తిరగేసిన ఇద్దరు చరిత్రకారులు, ఆమె మోసపోయిన అమాయకురాలు కాదని, ఆ నలుగురిలో సమాన భాగస్తురాలని 2023లో తేల్చారు.

ఆలస్యంగా వచ్చిన మందు

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆమె పోయిన ఏడేళ్లకు, 1965లో, అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే ఆయన బ్యాక్టీరియా ఉన్న ద్రవంలోకి ప్లాటినం కడ్డీలతో కరెంటు పంపి చూశాడు. బ్యాక్టీరియా రెండుగా విడిపోవడం మానేసి దారాల్లా సాగిపోయింది. కారణం కరెంటు కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినం. అలా బయటపడిన మందు సిస్‌ప్లాటిన్. నిజానికి ఆ పదార్థాన్ని ఇటలీ శాస్త్రవేత్త పేరోన్ 1840లలోనే తయారుచేశాడు. నూరేళ్లకు పైగా దాని గుణం ఎవరికీ తెలియదు.

నడుమ ఒక ప్లాటినం పరమాణువు, చుట్టూ నాలుగు మూలలు. ఒకవైపు రెండు క్లోరిన్లు, మరోవైపు రెండు అమ్మోనియాలు. ఇవే నాలుగూ ఎదురెదురు మూలల్లో ఉంటే మందు పనిచేయదు. చుక్కలు అవే అయినా కలిపే వరస మారితే ముగ్గు మారిపోయినట్టు. కణంలోకి వెళ్లాక క్లోరిన్లు ఊడిపోతాయి. ప్లాటినం వెళ్లి డీఎన్‌ఏ నిచ్చెనను పట్టుకుని వంచేస్తుంది. వంగిన నిచ్చెనకు నకలు తీయలేక క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. ఆ వంపును 1995లో అమెరికాలో లిపార్డ్ బృందం స్ఫటికం చేసి, ఎక్స్‌రేలతోనే చూసింది. రోజలిండ్ నేర్చిన విద్యే అది!

అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది 1978లో. ఏ జబ్బులకో తెలుసా? ఒకటి వృషణాల క్యాన్సర్, రెండోది అండాశయ క్యాన్సర్. రోజలిండ్ బతికుంటే అప్పటికి యాభై ఎనిమిదేళ్లు.

మా పిన్నికి ఇదే జబ్బు వచ్చింది. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండటం, లంగా బొందు బిగుతు. గ్యాసు అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. ఆఖరికి స్కానింగులో తేలింది. ఆపరేషన్, తరువాత కార్బోప్లాటిన్. సిస్‌ప్లాటిన్‌కు చెల్లెలి లాంటి మందు, కిడ్నీలకు కాస్త తక్కువ చేటు. జుట్టు ఊడింది, నీరసపడింది, లేచింది. అందరూ లేవలేరు. ఆలస్యమైన కొద్దీ మందు బలం చాలదు. అందుకే రెండు మూడు వారాలైనా ఉబ్బరం తగ్గకపోతే గ్యాసని సర్దుకోకండి, స్కానింగు అడగండి.

సెలైన్ స్టాండుకు వేలాడుతున్న ప్లాటినం సీసా చూస్తూ పిన్ని పక్కన కూర్చున్న రోజున నాకు రోజలిండ్ ఎవరో తెలియదు. తెలిశాక లెక్క వేసుకున్నాను. ఇప్పుడు నా వయసు ముప్పై ఎనిమిది. ఆమెకు దొరికిన బతుకు కన్నా ఏడాది ఎక్కువే.