అమేలియా ఇయర్‌హార్ట్

అమేలియా మేరీ ఇయర్‌హార్ట్ (జననం: 1897 జూలై 24 - అదృశ్యం: 1937 జూలై 2) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ వైమానికురాలు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో ఒంటరిగా దాటిన తొలి మహిళ. భూమధ్యరేఖకు చేరువగా ప్రపంచాన్ని చుట్టివచ్చే ప్రయత్నంలో, పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హౌలాండ్ అనే చిన్న పగడపు దీవికి వెళుతూ, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో సహా అదృశ్యమైంది.

బాల్యం, తొలి జీవితం

ఈమె కాన్సాస్ రాష్ట్రంలోని అచిసన్ పట్టణంలో, మాతామహుల ఇంట జన్మించింది. తండ్రి ఎడ్విన్ న్యాయవాది, తల్లి పేరు ఏమీ. తండ్రి మద్యపానం కారణంగా కుటుంబం ఇబ్బందులకు లోనై పలు ఊళ్ళు మారింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమేలియా కెనడాలోని టొరంటో నగరంలో గాయపడిన సైనికులకు సేవలందించింది.

1920 డిసెంబరులో కాలిఫోర్నియాలో తొలిసారి విమానమెక్కింది. పది నిమిషాల ఆ ప్రయాణం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. 1921 జనవరిలో నీటా స్నూక్ అనే మహిళ వద్ద శిక్షణ ప్రారంభించి, అదే సంవత్సరం సొంత విమానం కొనుక్కుంది. 1922లో 14,000 అడుగుల ఎత్తుకు ఎగిరి మహిళలలో రికార్డు నెలకొల్పింది. తరువాత కొంతకాలం బోస్టన్‌లో సంఘసేవికగా పనిచేసింది.

విజయాలు

1928 జూన్‌లో ఇద్దరు పురుషులతో కలిసి అట్లాంటిక్ దాటడంతో ఈమె పేరు మారుమ్రోగింది. అయితే ఆ యాత్రలో ఆమె కేవలం ప్రయాణికురాలే. ఆ లోటును 1932 మే 20-21 తేదీలలో తీర్చుకుంది. న్యూఫౌండ్‌లాండ్ నుండి బయలుదేరి, దాదాపు 15 గంటలు ఒంటరిగా విమానం నడిపి ఉత్తర ఐర్లాండ్‌లో ఒక పచ్చికబయలులో దిగింది. 1935 జనవరిలో హవాయి దీవుల నుండి కాలిఫోర్నియాకు ఒంటరిగా ఎగిరింది. స్త్రీలలో గానీ పురుషులలో గానీ అంతకుముందు ఆ పని చేసినవారు లేరు. 1929లో ఏర్పడిన మహిళా పైలట్ల సంఘం 'నైంటీ-నైన్స్'కు ఈమె తొలి అధ్యక్షురాలు. 1931లో ప్రచురణకర్త జార్జ్ పట్నంను వివాహమాడింది.

ప్రపంచ యాత్ర

ఈ యాత్రకు పర్డ్యూ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో రెండు ఇంజన్ల లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానం సమకూరింది. 1937 మార్చిలో పడమటి దిశగా మొదలుపెట్టిన తొలి ప్రయత్నం హవాయిలో విమానం దెబ్బతినడంతో ఆగిపోయింది. జూన్ 1న మయామి నుండి తూర్పు దిశగా తిరిగి బయలుదేరింది. దక్షిణ అమెరికా, ఆఫ్రికాల మీదుగా జూన్ 15న, నాడు బ్రిటిషు ఇండియాలో భాగమైన కరాచీకి, జూన్ 17న కలకత్తాకు చేరింది. ఋతుపవన వర్షాలకు తడిసిన డమ్‌డమ్ మైదానం నుండి విమానాన్ని లేపడం ఎంతో కష్టమైంది. బర్మా, సింగపూరు, ఆస్ట్రేలియాల మీదుగా జూన్ 29న న్యూగినీలోని లే పట్టణానికి చేరేనాటికి దాదాపు 22,000 మైళ్ళు పూర్తయ్యాయి.

హౌలాండ్ దీవి

మిగిలిన మార్గమంతా పసిఫిక్ మీదుగానే. అప్పటికే పాన్ అమెరికన్ సంస్థ మిడ్‌వే, వేక్ అనే పగడపు వలయ దీవుల మీదుగా విమానాలు నడుపుతోంది. అవి నీటిపై దిగేవి కనుక ఆ దీవుల నడిమి మడుగు చాలేది. ఎలక్ట్రాకు గట్టినేల కావాలి. అందువలన అమెరికా ప్రభుత్వం హౌలాండ్‌లో నేల చదునుచేయించి మూడు రన్‌వేలు సిద్ధం చేయించింది. దీవి పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, వెడల్పు అర కిలోమీటరు, ఎత్తు ఆరు మీటర్లకు మించదు. లే నుండి దూరం 2,556 మైళ్ళు. ఇంత పల్లపు దీవి దూరం నుండి కంటికి ఆనదు. మేఘాల నీడలు సైతం సముద్రంపై దీవులవలె భ్రమింపజేస్తాయి. కనుక చివరి దశలో రేడియోయే ఆధారం.

అదృశ్యం

జూలై 2న లే నుండి విమానం బయలుదేరింది. హౌలాండ్ వద్ద తీరరక్షక నౌక ఇటాస్కా వేచి ఉంది. ఉదయానికి అమేలియా మాటలు నౌకలో బిగ్గరగా వినిపించాయి. ఆమె చేరువలోనే ఉన్నట్లు సిబ్బంది గ్రహించారు. కానీ నౌక నుండి పలికిన మాటలు ఆమెకు చేరినట్లు లేదు. నౌక పంపిన సంకేతాలు అందినా వాటి దిశను పసిగట్టలేకపోయింది. ఇంధనం తగ్గిపోతోందని 7 గంటల 42 నిమిషాలకు తెలిపింది. 8 గంటల 43 నిమిషాల సందేశం తరువాత ఆమె ఆచూకీ లేదు. యుద్ధనౌకలతో, విమానాలతో సాగిన గాలింపు జూలై 19న ముగిసింది. 1939 జనవరి 5న న్యాయస్థానం ఆమె మరణించినట్లు ప్రకటించింది.

ఇంధనం నిండుకుని విమానం సముద్రంలో మునిగిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. నికుమరోరో అనే పగడపు వలయ దీవిలో దిగి, అక్కడే మరణించారన్నది మరొక వాదన. 1940లో ఆ దీవిలో దొరికిన ఎముకలు తరువాత కనిపించకుండా పోవడంతో ఆ వాదన తేలలేదు. 2024 జనవరిలో సముద్రగర్భంలో విమానాన్ని పోలిన ఆకారం కనుగొన్నట్లు ఒక సంస్థ ప్రకటించింది. అది రాతి అమరిక మాత్రమేనని అదే సంవత్సరం నవంబరులో తేలింది.

హౌలాండ్ నేడు నిర్జన వన్యప్రాణి సంరక్షణ కేంద్రం. 1941 డిసెంబరు 8న జపాను బాంబుదాడిలో అక్కడి రన్‌వేలు దెబ్బతిన్నాయి, ఇద్దరు మరణించారు. అమేలియా కోసం సిద్ధం చేసిన ఆ రన్‌వేలపై ఏ విమానమూ దిగినట్లు దాఖలాలు లేవు. ఆమె స్మృత్యర్థం దీవిలో నిర్మించిన 'ఇయర్‌హార్ట్ లైట్' అనే దిక్సూచి స్తంభం శిథిలావస్థలో ఉంది.