డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారు

గోదావరికి ఆవలిగట్టున భద్రాచలము, ఈవలిగట్టున సారపాక. 1965లో వారధి పడువఱకు ఈ రెంటిని కలిపినవి పడవలే. భద్రాచలము చెన్నపురి రాజధానిలోనిది; సారపాక నిజాము రాజ్యములోనిది. దేవదాసీ సమర్పణమును నిషేధించుచు 1947లో చెన్నపురిలో వెలసిన శాసనము ఆ గట్టుననే నిలిచిపోయినది. ఆ శాసనమునకు బాటవేసిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి చరిత్రమును పాఠకులకు జ్ఞప్తికి తెచ్చుచున్నాము.

వారు 1886లో పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తల్లి దేవదాసీ కుటుంబమున పుట్టినది; తండ్రి కళాశాలాధ్యక్షులు. బాలురు చదువు మహారాజా కళాశాలలో చదివి, 1912లో చెన్నపురి వైద్యకళాశాలనుండి పట్టభద్రురాలైరి. 1927లో చెన్నపురి శాసనసభకు తొలి మహిళాసభ్యురాలై, ఉపాధ్యక్ష పదవిని సయితము అలంకరించిరి.

సమర్పణమను పేరు పవిత్రము. దాని చాటున జరిగినది పసిబిడ్డల బేరము. దేవాలయపు ఈనాము భూమి కుటుంబమునకు నిలువవలెనన్న ఒక ఆడుబిడ్డ కొలువున నిలువవలసియుండెను. ముత్తులక్ష్మి గారు ఈ ముడినే విప్పబూనిరి. వారి కృషిచే 1929లో చట్టము సవరింపబడి, కొలువు బాధ్యత తొలగి భూమి ఆ స్త్రీలకే దక్కు మార్గమేర్పడెను. కూటికి ఆధారము చూపక బిడ్డను విడువుమనుట వట్టిమాట గదా!

1930లో గాంధీమహాత్ముని నిర్బంధమునకు నిరసనగా వారు సభ్యత్వమును త్యజించిరి. ఆ యేడే, దేవదాసీ వృత్తిని వీడివచ్చిన బాలికలకు వసతిగృహములలో చోటు దొరకకపోగా, తమ యింటనే ఆశ్రయమిచ్చిరి. అదియే అవ్వై గృహము. నిషేధ శాసనము వచ్చుటకు ఇంకను పదునేడేండ్లు పట్టినది. ఆ బిడ్డలకు అన్నము మాత్రము ఆనాడే దొరకినది. 1954లో అడయారున క్యాన్సరు వైద్యాలయమును నెలకొల్పి, 1968లో వారు పరమపదించిరి.

1988 నాటి ఆంధ్రప్రదేశ శాసనముతో సమర్పణ నిషేధము గోదావరి రెండు గట్టులకును వర్తించినది. కాని ఆకలికి గట్టులు లేవు. మిరపకోతల కాలమున ఛత్తీసుగఢు అడవులనుండి పేద కుటుంబములు ఈ సీమకు వలస వచ్చుచున్నవి. బడికి పోవలసిన పిల్లలును వెంట వచ్చుచున్నారు. పట్టణమున పని యిప్పింతునను దళారి మాటకు లోబడునది ఇట్టి తల్లిదండ్రులే.

చట్టమును సర్కారు చేయగలదు. తలుపు తీయవలసినవారు గృహస్థులు. కూలీలను పిలుచు మన భూస్వాములు వారి వెంట వచ్చిన బిడ్డలెందఱో ముందుగా లెక్కించి, వారిని బడికి చేర్చు భారమును తామే వహింతురు గాక యని మా ప్రార్థన.